బొనైర్ దీవిలో పది డాలర్ల రసీదు

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మా శ్రీకాకుళం జిల్లా గురించే రాద్దామనుకున్నాను. కానీ కొంతకాలంగా నా బుర్రను ఆక్రమించుకున్నది ఒక పరాయి దీవి. దాని కథే చెబుతాను. చివరికి వచ్చేసరికి ఇది మన ఆఫీసు కథలాగే ఉందని మీరే అంటారు.

మా మనుమరాలు అమెరికాలో ఉద్యోగం చేస్తోంది. ఒకరోజు ఫోను చేసి, "తాతయ్యా, నేనూ ముగ్గురు స్నేహితురాళ్ళూ కరిబియన్ సముద్రంలో స్కూబా డైవింగుకి వెళ్దామనుకుంటున్నాం. నాన్న దండగ ఖర్చు అంటున్నాడు. నువ్వు జీవితమంతా టి.ఏ. బిల్లులు చూశావు కదా, మా లెక్క ఒకసారి చూడు" అంది.

వీపుకి గాలి సిలిండరు కట్టుకొని సముద్రం అడుగున తిరగడమే స్కూబా డైవింగు. ఆ మాట వినగానే నా నోట వచ్చిన మొదటి మాట "వద్దు" అనే. కారణం ఉంది. సర్వీసులో తుపాను సహాయం ఫైళ్ళు చాలా ఏళ్ళు నా బల్ల మీదుగా నడిచాయి. వేటకి వెళ్ళి తిరిగిరాని వాళ్ళ పేర్ల ఎదుట "మృతదేహం లభ్యం కాలేదు" అని నా చేత్తో రాశాను. అన్నం కోసం సముద్రంలోకి వెళ్ళేవాళ్ళను చూసిన కళ్ళకి, సరదా కోసం అందులో మునగడం తప్పుగా తోచింది. అయితే కాగితాలు చూడకుండా "తిరస్కరించడమైనది" అని రాయడం నాకు అలవాటు లేదు. "అన్నీ చూసి చెబుతానమ్మా" అన్నాను. అలా చూడగా చూడగా తెలిసిన చరిత్ర ఇది.

పనికిరాని దీవి

పిల్లలు ఎంచుకున్న దీవి పేరు బొనైర్. దక్షిణ అమెరికాలోని వెనిజులా తీరానికి ఎదురుగా ఉంటుంది. విస్తీర్ణం 288 చదరపు కిలోమీటర్లు. ముఖ్య పట్టణం క్రాలెండైక్. ప్రజలు మాట్లాడే భాష పాపియమెంతు. పరిపాలన డచ్చివారిది. 2010 అక్టోబరు 10 నుంచి ఇది నెదర్లాండ్స్‌లో ఒక ప్రత్యేక మునిసిపాలిటీ. 2011 నుంచి అక్కడ చెల్లే డబ్బు మాత్రం అమెరికా డాలరు.

1499లో స్పెయిన్ నావికులు ఈ దీవికి వచ్చారు. బంగారం దొరకలేదు. అందుచేత దీనినీ, పక్కనున్న కురసావ్, అరూబాలనూ 1513లో "పనికిరాని దీవులు" అని ప్రకటించారు. దీవి పనికిరాకపోయినా మనుషులు పనికివస్తారని తోచి, 1515లో అక్కడి కైకెతియో ఆదివాసులను హిస్పానియోలా గనుల్లో చాకిరీకి తరలించుకుపోయారు.

1636లో డచ్చివారు దీవిని పట్టుకున్నారు. వాళ్ళకి కావలసింది బంగారం కాదు, ఉప్పు. హెరింగ్ చేపలను ఊరవేసి ఎగుమతి చెయ్యడం వాళ్ళ పెద్ద వ్యాపారం. స్పెయిన్‌తో యుద్ధం వల్ల పాత ఉప్పు దారులు మూసుకుపోయాయి. బొనైర్ దక్షిణ కొసన భూమి పల్లం. వానలు తక్కువ, ఎండా గాలీ ఎక్కువ. ఉప్పు పండించడానికి అంతకంటే ఏం కావాలి? పని చెయ్యడానికి ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చారు. ఉప్పు ఎగుమతి చేసే ఓడలకు గుర్తుగా 1837 ప్రాంతంలో తీరం వెంబడి రంగురంగుల రాతి స్తంభాలు కట్టారు. 1850లో బానిసలు రాత్రిళ్ళు తలదాచుకోవడానికి చిన్న రాతి గుడిసెలు కట్టారు. అవి ఈనాటికీ ఉన్నాయి. లోపల నిటారుగా నిలబడడానికి వీలుండదు. వాళ్ళ కుటుంబాలు ఉత్తరాన రింకోన్ గ్రామంలో ఉండేవి. వారాంతంలో ఇంటికి చేరాలంటే గంటల తరబడి నడవాలి. 1863 జూలై 1న డచ్చి వలస రాజ్యాలలో బానిసత్వం రద్దయింది.

ఇది చదువుతున్నప్పుడు నాకు మా నౌపడ గుర్తుకు వచ్చింది. చిన్నతనంలో అక్కడి ఉప్పు మడుల్లో పనివాళ్ళ పాదాలు చూశాను. ఉప్పునీటికి పగిలి, పగుళ్ళలో మళ్ళీ ఉప్పు చేరి ఉండేవి. కూలి పుచ్చుకున్న మనిషి పాదాలే అలా ఉంటే, కూలి లేని మనిషి సంగతి చెప్పనక్కర లేదు.

బానిసత్వం పోయాక జీతాలిచ్చి ఉప్పు తీయించడం గిట్టుబాటు కాలేదు. ఇరవయ్యో శతాబ్దంలో కురసావ్, అరూబాలలో చమురు శుద్ధి కర్మాగారాలు వచ్చాయి. బొనైర్ మగవాళ్ళు పనికోసం అటు పోయి ఇంటికి డబ్బు పంపేవారు. మన జిల్లా నుంచి వలసపోయిన వాళ్ళ సంగతి తెలిసిన మనకి ఇది కొత్త కథ కాదు.

నీటి కింద సంపద

ఆ పనికిరాని దీవి చుట్టూ నీటి కింద ఏముందో చూసిన తొలి ఈతగాళ్ళలో ఆస్ట్రియా దేశస్థుడు హాన్స్ హాస్ ఒకడు. 1939లో ఇద్దరు మిత్రులతో కురసావ్, బొనైర్‌లకు వచ్చి, ఊపిరి బిగబట్టి మునిగి ఫోటోలు, సినిమా తీశాడు. అప్పటికి వీపుమీద గాలి సిలిండరు పద్ధతి ఇంకా కుదరలేదు. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు కలిసి, పీల్చినప్పుడు మాత్రమే గాలిని తగిన ఒత్తిడితో అందించే సాధనాన్ని తయారు చేశారు. ఇప్పటి స్కూబా అంతా దాని సంతానమే.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బొనైర్‌లో జర్మన్లను నిర్బంధించిన శిబిరం ఒకటి ఉండేది. యుద్ధం ముగిశాక ఆ శిబిరం కట్టడాలనే బాగుచేసి హోటలుగా మార్చారు. దీవిలో విహారయాత్రల వ్యాపారం మొదలైంది ఒక నిర్బంధ శిబిరంలో అన్నమాట!

1962లో డాన్ స్టీవర్ట్ అనే అమెరికన్ తన తెరచాప పడవలో ఇక్కడికి వచ్చాడు. తరువాత అందరూ ఆయనను కెప్టెన్ డాన్ అనేవారు. మొదట్లో ఆయన కూడా ఈటె తుపాకీతో చేపలు కొట్టినవాడే, రంగు చేపలను పట్టి అమ్మినవాడే. కొద్ది ఏళ్ళలోనే చేపలు తగ్గడం కళ్ళారా చూసి మనసు మార్చుకున్నాడు. డైవింగు వ్యాపారం పెట్టి, ఈటె వేట మానమని తానే ప్రచారం చేశాడు. పడవ లంగరు వేస్తే పగడపు దిబ్బలు విరుగుతాయని, పడవలు కట్టుకోవడానికి శాశ్వతమైన తాళ్ళు ఏర్పాటు చేసే పద్ధతి తెచ్చాడు. 2014లో కన్నుమూశాడు.

ప్రభుత్వం కూడా ఊరుకోలేదు. తాబేళ్ళకూ వాటి గుడ్లకూ 1961లోనే రక్షణ చట్టం వచ్చింది. 1971లో ఈటె వేట నిషేధించారు. 1975లో పగడాలు విరిచి పట్టుకుపోవడం నిషేధించారు. 1979లో దీవి చుట్టూ ఉన్న సముద్రాన్ని, పోటు గీత నుంచి 60 మీటర్ల లోతు వరకు, రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అదే బొనైర్ మెరైన్ పార్కు.

ఇక్కడినుంచి కథ మన ఆఫీసులోకి వస్తుంది. పార్కు పెట్టినప్పుడు ప్రారంభానికి బయటి నిధులు ఉన్నాయి. అవి అయిపోయాక ఏడాదేడాదికీ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ఎవరూ ఆలోచించలేదు. ఎనభైల మధ్యకు వచ్చేసరికి పార్కు కాగితం మీద ఉంది, నీటిలో లేదు. జి.ఓ. ఉంది, బడ్జెట్ హెడ్ లేదు. ఇలాంటి పథకాలు మనం ఎన్ని చూడలేదు! డైవర్ల సంఖ్య మాత్రం ఏటేటా పెరుగుతూ పోయింది.

1991లో డచ్చి ప్రభుత్వం డబ్బుతో పార్కును తిరిగి లేవదీశారు. ఈసారి పాఠం నేర్చుకున్నారు. 1992 నుంచి డైవింగు చేసే ప్రతి మనిషి దగ్గరా ఏడాదికి 10 డాలర్లు వసూలు చెయ్యాలని నిర్ణయించారు. రుసుము పెడితే జనం వేరే దీవికి పోతారని వ్యాపారులు భయపడ్డారు. డైవర్లనే అడిగి చూస్తే, నూటికి 92 మంది పది డాలర్లు ఇవ్వడానికి సిద్ధమన్నారు. సగటున 27 డాలర్ల పైచిలుకు ఇస్తామన్నారు. డబ్బు కట్టినవాడికి ఒక చిన్న బిళ్ళ ఇచ్చేవారు. దానిని డైవింగు సామానుకి తగిలించుకోవాలి. వసూలైన డబ్బు ప్రభుత్వ ఖజానాలో కలిసిపోకుండా నేరుగా పార్కు నిర్వహణకే పోయేది. దానితో కాపలా సిబ్బంది జీతాలు, పడవల తాళ్ళ మరమ్మతులు సాగాయి. కాగితం మీది పార్కు మళ్ళీ నీటిలోకి దిగింది.

నలభై ఏళ్ళ పాటు రసీదు పుస్తకాలతో గడిపిన వాడిని గనుక, నా కంటికి ఈ దీవి చరిత్రలో అన్నిటికంటే గొప్ప విషయం ఇదే అనిపించింది. రసీదు అంటే లంచం లేదని ఒక్కటే అర్థం కాదు. ఎవరు ఏమి వాడుకున్నారో, దానికి ఎవరు బాధ్యులో రాసిపెట్టుకోవడం అని కూడా అర్థం.

చవక ఎక్కడినుంచి వచ్చింది

ఇప్పుడు మనుమరాలి లెక్కకు వద్దాం. మిగతా చోట్ల డైవింగులో పెద్ద ఖర్చు పడవది. నీటిలో దిగిన ప్రతిసారీ పడవకీ, వెంట వచ్చే మనిషికీ డబ్బివ్వాలి. బొనైర్ పడమటి తీరంలో పగడపు దిబ్బ ఒడ్డుకి ఈదుకుంటూ చేరేంత దగ్గరలో ఉంది. తూర్పు గాలులకు దీవే అడ్డుగా నిలవడం వల్ల అటు నీరు నిశ్చలంగా ఉంటుంది. నదులు లేవు కనుక బురద రాదు. రోడ్డు పక్కన పసుపు రంగు వేసిన రాళ్ళ మీద డైవింగు స్థలం పేరు రాసి ఉంటుంది. అక్కడ ట్రక్కు ఆపి, సిలిండరు తగిలించుకొని నడుచుకుంటూ నీటిలో దిగవచ్చు. అలాంటి స్థలాలు పడవతో వెళ్ళేవి కలుపుకొని ఎనభైకి పైగా ఉన్నాయి. "వెయ్యి మెట్లు" అనే చోట నిజానికి డెబ్బై మెట్లయినా లేవు. మన తిరుమల మెట్లు ఎక్కినవాళ్ళకి అది లెక్కా!

ఒక స్థలం కథ మన ఆబ్కారీ మిత్రులకు నచ్చుతుంది. 1984లో హిల్మా హుకర్ అనే సరుకుల ఓడ చెడిపోయి ఈ రేవుకి వచ్చింది. అధికారులు సోదా చేస్తే దొంగ గోడ వెనక గంజాయి బయటపడింది. ఓడను జప్తు చేశారు, యజమాని జాడ లేదు. కేసు తేలకముందే నీరు ఎక్కుతూ ఉండడంతో ఓడను ఒడ్డుకి దూరంగా లాగి కట్టారు. సెప్టెంబరు 12న అది మునిగిపోయింది. 72 మీటర్ల పొడవున్న ఆ ఓడ ఇప్పుడు 30 మీటర్ల లోతున పక్కకి ఒరిగి పడుకొని ఉంది. జప్తు చేసిన వస్తువు ఇంతమందికి ఉపయోగపడడం నేనెక్కడా వినలేదు.

పిల్లలకి నేను రాసిచ్చిన మెమోలో ముఖ్యాంశాలు ఇవి. పిల్లలు విదేశాల్లో ఉన్న సభ్యులకు పనికివస్తాయని ఇక్కడ ఇస్తున్నాను.

ఒకటి, కాలం. డిసెంబరు మధ్యనుంచి ఏప్రిల్ మధ్య వరకు చలిదేశాల వాళ్ళ రద్దీ, ధరలు ఎక్కువ. మిగతా నెలల్లో తక్కువ. ఈ దీవి మామూలు తుపాను దారికి దక్షిణంగా ఉంది కనుక ఆ నెలల్లోనూ వెళ్ళవచ్చు. అయితే పూర్తి హామీ లేదు. 1999లో లెన్నీ, 2008లో ఒమర్ తుపానుల అలలు పడమటి తీరాన్ని కూడా దెబ్బతీశాయి.

రెండు, బస. హోటలు గదికి బదులు వంటగది ఉన్న ఇల్లు తీసుకొని నలుగురూ పంచుకోవాలి. సరుకులు చాలావరకు ఓడల్లో వచ్చేవే గనుక హోటలు భోజనం ఖరీదు. పప్పూ అన్నం వండుకోవడం వచ్చిన పిల్లలకు సగం బెంగ తీరినట్టే.

మూడు, బండి. నలుగురికీ కలిపి ఒక పికప్ ట్రక్కు అద్దెకి తీసుకోవాలి. డైవింగుకి వెళ్ళేటప్పుడు అందులో విలువైన వస్తువేదీ వదలకూడదు.

నాలుగు, గాలి. సిలిండర్లు ఒక్కొక్కటిగా కొనకుండా వారానికి కలిపి మాట్లాడుకుంటే తక్కువ పడుతుంది.

ఐదు, చదువు. డైవింగు శిక్షణ ధ్రువపత్రం ముందే సంపాదించుకోవాలి. సెలవురోజులు తరగతిలో గడిపితే ఖర్చు రెట్టింపు.

ఆరు, రుసుములు. 2022 నుంచి దీవిలో అడుగుపెట్టే పెద్దవారికి 75 డాలర్ల ప్రవేశ పన్ను ఉంది. పార్కు రుసుము 2005లో 25 డాలర్లు, 2019లో 45 డాలర్లు అయింది. తరువాతా మార్పులు వచ్చాయి కనుక వెళ్ళేముందు చూసుకోవాలి. మా అమ్మాయికి ఉన్నది భారతదేశపు పాస్‌పోర్టే. అందుచేత టిక్కెట్టు కొనకముందే వీసా నియమాలు చూసుకోమన్నాను.

ఏడు, ప్రాణం. ఇక్కడ పొదుపు పనికిరాదు. డైవింగు బీమా తప్పక తీసుకోవాలి. నీటిలో ప్రతి పది మీటర్లకూ ఒత్తిడి ఒక వాతావరణం చొప్పున పెరుగుతుంది. లోతున పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది. తొందరగా పైకి వస్తే సోడాసీసా మూత తీసినట్టు అది బుడగలవుతుంది. ఎంత లోతునుంచి ఎంత నిదానంగా రావాలో 1908లో హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు పట్టికలు కట్టాడు. ఈ కారణం చేతనే వరుసగా కొన్నిరోజులు డైవింగు చేసినవాళ్ళు చివరి డైవు తరువాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు.

ఈ ఏడో అంశం దగ్గర నేనొక షరతు పెట్టాను. విమానం కోసం ఆగే ఆ ఆఖరి రోజున బజార్లు తిరగకుండా, దక్షిణ కొసకి వెళ్ళి బానిసల గుడిసెలు చూసి రావాలి. అది చూడడానికి పెద్ద ఖర్చు లేదు. పక్కనే ఉప్పు మడులు, ఫ్లెమింగో కొంగలు కూడా ఉంటాయి.

సిఫార్సు

అన్నీ చూశాక "సిఫార్సు చేయడమైనది" అని రాసి సంతకం పెట్టి పంపాను. మా అబ్బాయికి ఫోను చేసి, "దండగ కాదురా, లెక్క సరిపోయింది. భయం నాకూ ఉంది. కానీ ఆ దీవిలో నియమం లేకుండా ఎవరినీ నీటిలో దిగనివ్వరు" అన్నాను. అక్కడ ఎంత అనుభవం ఉన్నవాడైనా మొదట నియమాలు విని, పరీక్షగా ఒక డైవు చేసి చూపించాలి. పగడాలు పట్టుకోకుండా ఉండేందుకు చేతి తొడుగులు కూడా వేసుకోనివ్వరు.

పిల్లలు క్షేమంగా వెళ్ళి వచ్చారు. తిరిగి వచ్చిన రోజు మనుమరాలు చాలాసేపు చేపల గురించి చెప్పింది. ఆఖరున గొంతు తగ్గించి, "తాతయ్యా, గుడిసెలోకి వంగి వెళ్ళాను. లోపల కూర్చుంటే ఎదురుగా అదే నీలం సముద్రం. పొద్దున్న దాకా దానిలో సరదాగా ఈదాం" అని ఆగిపోయింది. నేనూ ఏమీ అనలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పింది. చాలాచోట్ల పగడాలు చచ్చి తెల్లబడి ఉన్నాయట. 2023లో బొనైర్‌కి ఒక అంటురోగం వచ్చి గట్టి పగడాల కణజాలాన్ని తినేస్తోంది. ఆ ఏడాదే నీరు వేడెక్కి పగడాలు పాలిపోయాయి. రోగం ఒకచోటినుంచి ఇంకొక చోటికి పాకకుండా డైవర్లు సామాను శుభ్రంచేసుకోవలసి వస్తోంది. అరవై ఏళ్ళపాటు నియమం తరువాత నియమం పెట్టి కాపాడుకున్నవాళ్ళకే ఈ గతి పట్టింది. సముద్రం వేడెక్కడాన్ని ఒక చిన్న దీవి రుసుము ఆపలేదు. అలాగని ఆ పది డాలర్లు వృథా అనను. ఈటెలూ, లంగర్లూ అలాగే కొనసాగి ఉంటే, ఈ రోజు రోగం రావడానికి అక్కడ పగడం మిగిలేదే కాదు.

చవకగా దొరికిన ప్రతి వస్తువు వెనకా ఎవరో ముందుగా కట్టిన ఖర్చు ఉంటుంది. బొనైర్‌లో ఉప్పు చవక అయింది బానిసల వల్ల. డైవింగు చవక అయింది తమను తాము అదుపులో పెట్టుకున్న ఒక తరం వల్ల. మొదటి అప్పు ఎవరూ తీర్చలేరు. రెండోది మాత్రం ఏడాదికొకసారి రసీదు పుచ్చుకొని కొంచెం కొంచెంగా తీర్చుకోవచ్చు.

మా మనుమరాలు తన పార్కు రసీదు నాకు ఫోనులో పంపింది. దాన్ని ప్రింటు తీయించి నా పెన్షను కాగితాల ఫైలులో పెట్టుకున్నాను. నేను ఎల్.టి.సి. మీద తిరుపతి, శ్రీశైలం దాటి వెళ్ళినవాడిని కాను. అయినా ఆ ఫైలు తిరగేసినప్పుడల్లా ఆ దీవిలో నాకూ కొంచెం వాటా ఉన్నట్టు అనిపిస్తుంది.